పండిత రమాబాయి – కేడ్గాం ముక్తి సదనము

పండిత రమాబాయి విద్వత్తును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. ఆమె నాటించిన తోటను గూర్చి వ్రాసినవారు తక్కువ. ముక్తి సదనము కథ ఆ తోటయొద్దనే మొదలగును.

రమాబాయి 1858లో సంస్కృత పండితుడైన అనంతశాస్త్రి డోంగ్రేకు జన్మించెను. ఆ కుటుంబము పుణ్యక్షేత్రములలో పురాణములు చదువుచు సంచరించెడిది. 1870ల నాటి క్షామములో చేతిలోని సొమ్మంతయు అయిపోగా, వారు తిరుపతి సమీపమందలి అడవిలో 11 దినములు నీటితోను, ఆకులతోను, కొన్ని అడవి ఈతపండ్లతోను ప్రాణములు నిలుపుకొనిరి. కొద్దికాలములోనే తండ్రియు, తల్లియు, అక్కయు గతించిరి. అన్నతోకూడ ఆమె కాలినడకన దేశము తిరిగి 1878లో కలకత్తా చేరగా, అచ్చటి పండితులు ఆమెను సరస్వతి అను బిరుదముతో గౌరవించిరి. 1880లో వివాహము, 1882లో వైధవ్యము. ఒడిలో పసిబిడ్డ మనోరమ. 1883లో ఇంగ్లండునందు తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి.

అమెరికాలోని స్నేహితులు 10 ఏండ్లు సహాయము చేయుటకు ఒప్పుకొనగా, ఆమె 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువులకొరకు శారదాసదనము తెరచెను. నాడు విద్యార్థినులు ఇద్దరే. మరుసటి ఏడు అది పూనాకు మారెను. 1893లో, బాలికలను మతము మార్చుచున్నదను అలజడి పుట్టి, బంధువులు పలువురిని తీసికొనిపోయిరి. అయినను సదనము మూతపడలేదు. అయితే 10 ఏండ్ల గడువు తీరిన పిమ్మట గతి యేమి? ఆమె రైలుమార్గము ప్రక్కనున్న కేడ్గాంలో భూమి కొని, పండ్లచెట్లు నాటించి, బావులు త్రవ్వించెను. ఆ ఫలసాయముతో సదనము నడువవలెనని ఆమె తలంపు.

అంతలో 1896లో మధ్యపరగణాలయందు కరవు వచ్చెను. ఆకలి యెట్టిదో రమాబాయికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె స్వయముగా వెళ్లి దాదాపు 300 మంది స్త్రీలను, బాలికలను చేరదీసెను. పూనాలో ప్లేగు ప్రబలియున్నందున క్రొత్తవారిని అచ్చట చేర్చరాదని అధికారులు ఆజ్ఞాపించిరి. తోటకొరకు కొన్న నేలయే వారికి ఆశ్రయమాయెను. మొదట డేరాలు, గడ్డిపాకలు, 1898లో కట్టడము. దానికి ముక్తి అని పేరు. 1900 నాటి కరవుతో అందలివారి సంఖ్య 2,000కు సమీపించెను. ఆలస్యముగా వచ్చిన కొందరు రోగములతో అక్కడనే మరణించిరి.

ఊరక కూర్చుండబెట్టి అన్నము పెట్టుట ఆమె పద్ధతి కాదు. చదువుతోపాటు ప్రతివారికిని ఒక పని యుండెను: మగ్గము, గానుగ, పాడి, సేద్యము, అచ్చుపని. ముందు నేర్చినవారు వెనుక వచ్చినవారికి నేర్పిరి. గ్రుడ్డివారికి మనోరమ బ్రెయిలీ లిపి నేర్పెను.

సామాన్య స్త్రీలకు తెలియు మరాఠీలో బైబిలు కావలెనని రమాబాయి హెబ్రీ, గ్రీకు భాషలు అభ్యసించి తానే అనువదించెను. తన తరువాత సదనమును నడుపవలసిన మనోరమ 1921లో మరణించెను. 1922 ఏప్రిల్ 5న రమాబాయియు ప్రభువునందు నిద్రించెను. ముక్తి స్త్రీలు తమ చేతులతో అక్షరములు కూర్చి ముద్రించిన ఆ బైబిలు 1924లో వెలువడెను.