డాక్టరు బసనావిచ్యుస్

బాల్టిక్ సముద్ర తీరమున లిథువేనియా యను చిన్న దేశము కలదు. 18వ శతాబ్దము చివర అందలి అధిక భాగము రష్యా చక్రవర్తుల యేలుబడిలోనికి పోయెను. 1863లో ప్రజలు తిరుగుబాటు చేయగా, ప్రభుత్వము దానిని అణచివేసి, లిథువేనియా భాషను లాటిన్ లిపిలో ముద్రింపరాదని శాసించెను. ఆ నిషేధము నలువది యేండ్లు సాగెను. మాతృభాషలోని ప్రార్థన పుస్తకము ఇంట నుండుటయు నేరమయ్యెను.

యోనాస్ బసనావిచ్యుస్ 1851లో ఓష్కబాలియై గ్రామమున ఒక రైతు కుటుంబమందు జన్మించెను. 1879లో మాస్కోలో వైద్యవిద్య ముగించి, బల్గేరియాలో చిరకాలము వైద్యుడుగా నుండెను. రోగులకు ఔషధము లిచ్చుచున్నను, ఆయన మనస్సు మూగవోయిన మాతృభాష మీదనే యుండెను. 1883లో ఆయన ‘ఔష్రా’ యను పత్రికను స్థాపించెను. ఆ మాటకు వేకువ యని యర్థము. మనము వాడు ‘ఉషస్సు’నకు అది దూరపు చుట్టము. ప్రష్యాలో ముద్రితమైన ఆ పత్రికను బాహాటముగా పంపుటకు వీలులేదు. సాహసికులు రాత్రివేళ మూటలు వీపున మోసి, సరిహద్దు దాటించి, చదువరుల యిండ్లకు చేర్చిరి. పట్టుబడినవారిలో పలువురు సైబీరియాకు పంపబడిరి.

1904లో నిషేధము తొలగెను. మరుసటి యేడు ఆయన విల్నియస్ నగరమునకు వచ్చి స్థిరపడెను. 1918 ఫిబ్రవరి 16న ఇరువదిమంది ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసినప్పుడు, ఆ సభకు అధ్యక్షుడు ఆయనయే.

ఆ డిసెంబరు 27న లిథువేనియా తొలి తపాలాబిళ్లలు విల్నియస్‌లో వెలువడెను. బొమ్మలు చెక్కించుటకు వ్యవధి లేదు. అచ్చుకూటమందున్న అక్షరములనే పేర్చి, 10, 15 స్కాటికుల వెలతో, నల్లసిరాతో అచ్చొత్తిరి. అవి చూచుటకు నిరాడంబరములు. కాని వానిపై నున్నవి పదునాలుగేండ్ల క్రిందటి వరకు నిషిద్ధములైన అక్షరములే! కొలది దినములకే రష్యా ఎఱ్ఱసేన నగరమును సమీపింపగా, ప్రభుత్వము కౌనాస్ నగరమునకు తరలెను. అందుచేతనే తపాలాబిళ్లలు సేకరించువారు వానిని నేటికిని ప్రీతితో వెదకుదురు.

1920లో విల్నియస్ పోలెండు వశమయ్యెను. 1938 వరకు ఆ రెండు దేశముల నడుమ నేరుగా ఉత్తరములు నడువలేదు. బసనావిచ్యుస్ కౌనాస్‌కు పోయినచో సకల గౌరవములు లభించి యుండెడివి. అయినను ఆయన విల్నియస్‌ను విడువలేదు. 1907లో తాను నెలకొల్పిన విద్వత్సంఘమునకు కావలియై అచ్చటనే యుండి, 1927 ఫిబ్రవరి 16న, స్వాతంత్ర్యదినము నాడే కన్నుమూసెను.

ఆ యేడే లిథువేనియా ప్రభుత్వము సంతాపసూచకముగా ఆయన చిత్రముతో తపాలాబిళ్లలు వెలువరించెను. ఆయన ప్రాణము విడిచిన నగరమున అవి చెల్లవు. అయినను, ఒకనాడు మూటలలో దాగి సరిహద్దు దాటిన భాష, ఆయన రూపముతో గూడి, దేశదేశములకు నిర్భయముగా పయనించెను.