నాన్న తెచ్చిన ముక్కల కారు

మీ ఇంట్లో ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లలుంటే మెక్‌లారెన్ అనే పేరు మీ చెవిన పడే ఉంటుంది. బొమ్మ కార్ల మీద, వీడియో గేముల్లో, నారింజ రంగు టీషర్టుల మీద కనిపించే పేరు అది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు ఆ పేరున్న జట్టు కూడా వచ్చి పాల్గొంది. చాలామంది పిల్లలకు అదొక కంపెనీ పేరు మాత్రమే. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆ మనిషి తొమ్మిదేళ్ల వయసులో నడవలేక మంచం పట్టాడని చెప్తే ఆశ్చర్యపోతారు.

ఆయన పూర్తి పేరు బ్రూస్ మెక్‌లారెన్. 1937 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో పుట్టాడు. తండ్రి లెస్, తల్లి రూత్. ఆ ఊళ్లో రెమ్యువేరా అనే పేటలో వాళ్లకు ఒక పెట్రోల్ బంకు, దాన్ని ఆనుకుని ఒక వర్క్‌షాపు ఉండేవి. లెస్ వయసులో ఉన్నప్పుడు మోటార్ సైకిల్ పందేల్లో పాల్గొన్న మనిషి. అంటే ఆ ఇంట్లో స్పానర్ల చప్పుడు, గ్రీజు వాసన పిల్లాడికి ఊహ తెలియకముందు నుంచే ఉన్నాయి.

తొమ్మిదేళ్లప్పుడు బ్రూస్ కుంటడం మొదలుపెట్టాడు. డాక్టర్లు పరీక్షించి పర్తీస్ వ్యాధి అన్నారు. తొడ ఎముక పైభాగం తుంటిలో గుండ్రంగా కూర్చునే చోట రక్తం సరిగా అందక ఎముక మెత్తబడి పాడవుతుంది. ఎదిగే పిల్లలకే వచ్చే జబ్బు. ఆ రోజుల్లో దానికున్న వైద్యం ఒక్కటే, కాలి మీద బరువు పడకుండా నెలల తరబడి పడుకోబెట్టడం. బ్రూస్‌ని తకపూనాలో ఉన్న విల్సన్ హోమ్‌లో చేర్చారు. సుమారు రెండేళ్లు కాళ్లు కట్టేసి, చక్రాలున్న ఒక చట్రం మీద పడుకోబెట్టి ఉంచారు. మళ్లీ నడుస్తాడో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేని స్థితి. చక్రాలు ఉన్నాయి కాబట్టి అక్కడి పిల్లలు పెద్దవాళ్లు చూడనప్పుడు వాటితోనే పందేలు పెట్టుకునేవాళ్లు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే!

నడక వచ్చింది. కానీ ఎడమ కాలు కుడికాలి కంటే దాదాపు ఒకటిన్నర అంగుళం పొట్టిగా మిగిలిపోయింది. ఆ కుంటు జీవితాంతం పోలేదు. ఇంటికి వచ్చాక కూడా కొంతకాలం బడికి వెళ్లకుండా పోస్టులో వచ్చే పాఠాలతోనే చదువుకున్నాడు. వైరల్ ఫీవర్‌తో పిల్లలు వారం రోజులు రాకపోతే సిలబస్ ఏమైపోతుందోనని మీరు ఎంత కంగారు పడతారో నాకు తెలుసు, రాత్రి పదింటికి వచ్చే మెసేజీలు చూస్తుంటాను కదా. అలాంటిది, ఆ తల్లిదండ్రులు కొడుకు చదువునీ నడకనీ కొన్నేళ్లపాటు వాయిదా వేసుకుని బతికారు. రగ్బీ పేరెత్తితే ప్రాణం పెట్టే దేశం అది. ఆ ఆట ఇక ఈ పిల్లాడికి లేనట్టే.

1950ల మొదట్లో లెస్ ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు కొన్నాడు. ఈ కారు గురించి కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లాండ్‌లో 1922లో మొదలైన చిన్న, చవక కారు ఇది. నాలుగు సిలిండర్లున్నా ఇంజను మొత్తం 747 సీసీ. ఈ రోజుల్లో మన రోడ్ల మీద తిరిగే పెద్ద బైకుల్లో కొన్నింటికి ఇంతకంటే పెద్ద ఇంజను ఉంటుంది. అడుగున ఉండే ఇనుప చట్రం ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారంలో ఉంటుంది, అంతకు మించి పెద్ద నిర్మాణం లేదు. అందుకే ఇంటి దగ్గర సాధారణ పనిముట్లతో విప్పి, మార్చి, మళ్లీ బిగించుకోవడానికి దీనంత అనువైన కారు ఆ కాలంలో లేదు. బ్రిటన్‌లో యుద్ధం తర్వాత ఎంతోమంది కుర్రాళ్లు పాత ఆస్టిన్ సెవెన్‌లు కొని, పై రేకు తీసేసి, తమకు తోచిన బాడీ కట్టుకునేవారు. లోటస్ కంపెనీ పెట్టిన కొలిన్ చాప్‌మన్ మొదటి కారు కూడా అలా ఆస్టిన్ సెవెన్ మీద కట్టిందే. తర్వాత ఆయనే 1957లో లోటస్ సెవెన్ అనే కారును విడిభాగాల కిట్‌గా అమ్మాడు. పూర్తిగా తయారైన కారు మీద పడే పన్ను కిట్ మీద పడేది కాదు. ఇంట్లో కారు కట్టుకునే సరదాకి పన్ను మిగలడం కూడా తోడైందన్నమాట.

లెస్ కొన్నది ఆస్టిన్ సెవెన్‌లో అల్‌స్టర్ అనే రేసింగ్ రకం. అప్పటికే 20 ఏళ్లు దాటిన బండి, అదీ విప్పేసిన ముక్కలుగా చేతికొచ్చింది. బాగుచేసి అమ్ముకోవచ్చన్నది ఆయన లెక్క. కానీ ఇంట్లో కుర్రాడికి ఆ ముక్కలు ఇంకోలా కనిపించాయి. తండ్రీ కొడుకులు కూర్చుని నెలల తరబడి ఆ కారును మళ్లీ ఒక రూపానికి తెచ్చారు.

ఇలాంటి పని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? కొత్త బొమ్మ బిగించినట్టు ఉండదు. పాత నట్టు ఒక పట్టాన ఊడి రాదు. ఊడి వచ్చిన భాగం అరిగిపోయి ఉంటుంది. దానికి జోడు దొరకదు, మనమే చేయించుకోవాలి. అన్నీ బిగించాక ఒక చిన్న ముక్క చేతిలో మిగిలిపోతుంది, అప్పుడు మళ్లీ మొదటికి. మన స్కూల్లో సైన్స్ ప్రాజెక్టు అనగానే స్టేషనరీ షాపులో రెడీమేడ్‌గా దొరికే అగ్నిపర్వతం, గాలిమర వచ్చేస్తున్నాయి. కొన్ని వెనక ధర స్టిక్కర్‌తో సహా! మీ తీరిక లేనితనం నాకు అర్థమవుతుంది, తప్పు పట్టడం లేదు. కానీ టీచర్‌గా నాకు కనిపించేది ఒకటుంది. నాన్నతోనో అమ్మతోనో కూర్చుని చేసిన ప్రాజెక్టు వంకరగా ఉన్నా, దాని గురించి ఆ పిల్లలు ఆగకుండా చెప్తారు. కొన్నది తెచ్చిన పిల్లలు చార్టు మీద ఉన్నది చదివి కూర్చుంటారు.

మళ్లీ ఆక్లాండ్‌కి. కారు తయారైంది. లెస్ దాన్ని ఒకసారి బయటికి నడిపి చూశాడు. బ్రేకులు అంతంతమాత్రం, స్టీరింగ్ చెప్పిన మాట వినదు. పందేలు చూసిన మనిషే అయినా ఆయన భయపడి వెనక్కి వచ్చి, ఈ కారు మనకొద్దు, అమ్మేద్దామన్నాడు. ఈ కథలో నేను చాలాసేపు ఆగిపోయిన చోటు ఇదే. కాలు కోల్పోబోయి బయటపడ్డ కొడుకు. తనకే భయం వేసిన కారు. అమ్మేస్తానంటే ఏ తండ్రినైనా ఎవరు తప్పుపడతారు? బ్రూస్ బతిమాలాడు. లెస్ ఒప్పుకున్నాడు. అయితే తాళాలు చేతిలో పెట్టి రోడ్డు మీదికి వదిలెయ్యలేదు. ఇంటి వెనక పెరట్లో చెట్ల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో దారి గీసుకుని బ్రూస్ అక్కడే తిరిగి తిరిగి కారు ఎలా జారుతుందో, ఎక్కడ పట్టు తప్పుతుందో నేర్చుకున్నాడు. ఆ పెరటి గడ్డి ఏమైందో ఊహించుకోవచ్చు.

అప్పట్లో న్యూజిలాండ్‌లో 15 ఏళ్లకే లైసెన్సు ఇచ్చేవారు. మన దగ్గర కారుకి 18 నిండాలి, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను. ఈ వ్యాసం చూపించి బండి తాళాలు అడిగితే ఇవ్వకండి!

మురివై అనే సముద్రతీరం దగ్గర కొండ దారి మీద జరిగిన పోటీలో బ్రూస్ ఆ ఆస్టిన్‌తో మొదటిసారి పాల్గొన్నాడు. 750 సీసీ విభాగంలో గెలిచాడు. తర్వాత ఇంజనీరింగ్‌లో చేరాడు, పందేలు కూడా సాగాయి. 1958లో న్యూజిలాండ్ గ్రాండ్ ప్రి సంఘం, ఒక యువ డ్రైవర్‌ని యూరప్ పంపే పథకం మొదలుపెట్టి, మొట్టమొదట బ్రూస్‌నే ఎంచుకుంది. డిగ్రీ చదువు అక్కడితో ఆగిపోయింది. ఇది చదువుతూ మీలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. కానీ చదువు ఆగింది కాలేజీలో మాత్రమే. ఇంగ్లాండ్‌లో కూపర్ కంపెనీకి వెళ్తే అతని కోసం సిద్ధంగా పెట్టిన కారేమీ లేదు, వర్క్‌షాపులో నిలబడి తన కారు తానే కట్టుకోవాల్సి వచ్చింది. ముక్కల్లోంచి కారు చేయడం అప్పటికే తెలిసిన కుర్రాడికి అదేమంత వింత పని కాదు.

1959 డిసెంబర్ 12న అమెరికాలోని సీబ్రింగ్‌లో జరిగిన గ్రాండ్ ప్రిలో చివరి ల్యాపులో ముందున్న జాక్ బ్రాభమ్ కారులో పెట్రోలు అయిపోయింది. వెనకే ఉన్న బ్రూస్ గెలిచాడు. వయసు 22 ఏళ్ల 104 రోజులు. అంత చిన్న వయసులో గ్రాండ్ ప్రి గెలిచిన రికార్డు 2003లో ఫెర్నాండో అలోన్సో వచ్చేవరకు చెక్కు చెదరలేదు. ఆ తర్వాతి గెలుపులన్నీ వరసగా చెప్పను. 1962లో మొనాకో, 1966లో క్రిస్ ఆమన్‌తో కలిసి ఫోర్డ్ కారులో లె మాన్స్ 24 గంటల రేసు, ఈ రెండూ చాలు.

నాకు ఆసక్తిగా అనిపించేది 1963లో ఆయన సొంత జట్టు పెట్టుకున్న తీరు. మొదటి చోటు లండన్ శివార్లలో న్యూ మాల్డెన్‌లో, మట్టి తవ్వే యంత్రం నిలిపే ఒక షెడ్డు. అందులో ఒక మూల వీళ్లది. నాన్న వర్క్‌షాపు కంటే అదేం గొప్పగా లేదు. యజమాని అయినా బ్రూస్ స్పానర్ వదల్లేదు. ఒకసారి కారు పరీక్షిస్తుంటే పెట్రోలు పోసే చోటున్న మూత వేగం పెరిగేకొద్దీ ఎగిరెగిరి పడటం గమనించాడు. గాలి ఒత్తిడికి అది అణిగి ఉండాలి కదా? అంటే లోపల చిక్కుకున్న గాలి కింది నుంచి పైకి తోస్తోంది. కారు ఆపి, రేకు కత్తెర తీసుకుని, రేడియేటర్ వెనక బాడీని కత్తిరించాడు. మళ్లీ ఎక్కి నడిపితే ముందుకంటే వేగంగా వెళ్లింది. లక్షలు పోసి చేసిన కారును కత్తిరించడానికి చెయ్యి వణకకపోవడం నాకు ఆ పెరటి ఆస్టిన్‌నే గుర్తుచేస్తుంది.

1968లో బెల్జియంలోని స్పాలో తన పేరున్న కారును తానే నడిపి గెలిచాడు. తమ సొంత జట్టు కట్టిన కారులో గ్రాండ్ ప్రి గెలిచినవాళ్లు చరిత్రలో ముగ్గురే, జాక్ బ్రాభమ్, డాన్ గర్నీ, బ్రూస్ మెక్‌లారెన్. తమాషా ఏమిటంటే, గీత దాటాక కూడా తాను రెండో స్థానంలో వచ్చాననే అనుకున్నాడు. ముందున్న జాకీ స్టీవర్ట్ పెట్రోలు కోసం పక్కకి వెళ్లిన సంగతి ఆయనకు తెలియదు. 1969లో ఉత్తర అమెరికాలో జరిగే కాన్-ఆమ్ పోటీల్లో 11 రేసులుంటే 11 కూడా వీళ్ల నారింజ రంగు కార్లే గెలిచాయి.

1970 జూన్ 2న ఇంగ్లాండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్‌లో బ్రూస్ కొత్త కాన్-ఆమ్ కారును పరీక్షిస్తున్నాడు. తిన్నని దారిలో వేగంగా వెళ్తుండగా వెనక బాడీ భాగం ఊడి లేచిపోయింది. కారు అదుపు తప్పి కట్టను గుద్దుకుంది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. వయసు 32. భార్య ప్యాట్రీషియా, చిన్న కూతురు అమాండా మిగిలారు. న్యూజిలాండ్‌లో లెస్, రూత్ బతికే ఉన్నారు.

ఈ సంగతి రాయకుండా గెలుపుల దగ్గరే ఆపేస్తే మీకు చదవడానికి హాయిగా ఉండేది. కానీ అది సగం జీవితమే అవుతుంది. కారు అమ్మేద్దామన్న రోజున లెస్‌కి వేసిన భయం ఉత్త భయం కాదు. ఆ రోజు అమ్మేసి ఉంటే కొడుకు ముసలివాడయ్యేదాకా బతికేవాడేమో. అలాంటి కొడుకు బ్రూస్ అయ్యేవాడా అన్నది ఎవరూ తేల్చలేని ప్రశ్న. తల్లిదండ్రులు మీరు, నాకంటే మీకే ఆ ప్రశ్న బరువు బాగా తెలుసు. నాకింకా పిల్లలు లేరు.

ప్రమాదం జరిగిన మర్నాడు జట్టులో అందరికీ సెలవన్నారు. అయినా అందరూ పనికి వచ్చారు. 12 రోజుల తర్వాత, జూన్ 14న కెనడాలోని మోస్పోర్ట్‌లో ఆ ఏడాది కాన్-ఆమ్ మొదటి రేసు. బ్రూస్ నడపాల్సిన కారును డాన్ గర్నీ నడిపి గెలిచాడు. కొద్ది వారాల ముందే ఇంకో ప్రమాదంలో చేతులు కాలిన డెనీ హల్మ్, మానని గాయాలతోనే నడిపి మూడో స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది టైటిల్ కూడా వాళ్లదే. 1974లో ఎమర్సన్ ఫిట్టిపాల్డి మెక్‌లారెన్ కారులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇప్పుడు ఆ కంపెనీ కేంద్రం ఇంగ్లాండ్‌లోని వోకింగ్‌లో ఉంది. అద్దాల గోడల పెద్ద భవనం, పక్కన చెరువు. లోపల పొడవాటి నడవాలో పాత రేసు కార్లను నిలబెట్టి ఉంచారు. ఛాంపియన్లు నడిపినవి, కోట్లు విలువ చేసేవి. వాటి మధ్య సైకిల్ చక్రాల్లాంటి సన్నటి చక్రాలతో ఒక చిన్న కారు కూడా ఉంటుంది. ఆక్లాండ్‌లో తండ్రీ కొడుకులు బిగించిన ఆస్టిన్ సెవెన్ అదే.