పిల్లల చేతిలో ఆవగింజ

బైబిలు కథ చెప్పి, వెంటనే నీతి చెప్పి, రెండింటిని అప్పగించుమనుట పెక్కు పాఠశాలల వాడుక. మరియా మాంటిసోరీ మార్గము వేరు. 1870లో ఇటలీలో జన్మించి, 1896లో వైద్యపట్టము పొందిన ఈమె, 1907లో రోము నగరపు సాన్ లొరెంజో పేటలో బీదల బిడ్డలకు బాలగృహమును తెరచెను. చేతులు పనిచేసినపుడే బుద్ధి వికసించునని అచ్చట గ్రహించెను.

మతబోధకును అదియే సూత్రము. 1915 తరువాత స్పెయిన్‌లోని బార్సిలోనాలో పిల్లల యెత్తునకు తగిన ప్రార్థనాగృహము వెలసెను. పిల్లలు గోధుమలు చల్లిరి, ద్రాక్ష నాటిరి. పూజకు వలయు రొట్టెయు రసమును ఎచ్చటనుండి వచ్చునో చేతులార తెలిసికొన్న వారికి కడరాత్రి భోజనపు కథ కంఠపాఠము కాలేదు. అయితే ఆమె దృష్టి కథలకంటె పూజావిధిపైననే హెచ్చుగా నిలిచెను.

1939లో ఆమె మదరాసు అడయారునకు వచ్చెను. మరుసటి యేట ఇటలీ యుద్ధమున దిగగా కుమారుడు కొంతకాలము నిర్బంధితుడయ్యెను; ఆమె మాత్రము ఉపాధ్యాయుల శిక్షణ మానలేదు. 1952లో హాలెండులో కన్నుమూసెను.

కథల లోటును 1954లో రోమున హీబ్రూ పండితురాలు సోఫియా కవల్లెత్తి, మాంటిసోరీ పద్ధతి నెరిగిన జాన్నా గోబ్బి తీర్చబూనిరి. మంచి కాపరి కథకు కొయ్య గొఱ్ఱెలు, చిన్న దొడ్డి. కథ ముగిసిన పిదప ఉపాధ్యాయిని అర్థము చెప్పదు. ఈ గొఱ్ఱెలు ఎవరై యుండునో యని అడిగి ఊరకుండును. చెప్పువారికి పాఠముకంటె ఈ మౌనమే కష్టము. ఆవగింజ ఉపమానమునకు నిజమైన గింజనే వ్రేలికొనపై నుంచును. పిల్లవాడు దానిని చాలసేపు చూచుచుండును.