చచ్చిన కాలేజీ.. బతికిన కాలేజీ!

ఒకప్పుడు మద్రాసు చూడ్డానికొచ్చే పల్లె జనం ఎగ్మూరు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువుల పార్కును బతికిన కాలేజీ అనీ పిలిచేవారు. రెండింటికీ ఆద్యుడు ఒక్కరే.. ఎడ్వర్డ్ బాల్ఫోర్.

స్కాట్లాండ్‌లో 1813లో పుట్టిన ఆయన 1834లో కంపెనీ సైన్యంలో డాక్టరుగా వచ్చారు. చెట్లు నరికితే వానలకు ముప్పని 1840లలోనే సర్కారుకు చెప్పిన మనిషి.

1851లో ప్రభుత్వం మద్రాసులో మ్యూజియం తెరిచి ఆయన చేతిలో పెట్టింది. తొలి సరుకు మద్రాస్ లిటరరీ సొసైటీ ఇచ్చిన రాళ్ల నమూనాలే. 1854లో మ్యూజియం ఇప్పుడున్న పాంథియన్ ఆవరణకు మారింది. ప్రజల సొమ్ముతో నడిచే చోటికి ప్రజలే రాకపోతే ఎలా? బతికున్న పులిని తెచ్చి పెడితే జనం విరగబడ్డారు. దాంతో 1855లో అక్కడే జూ మొదలెట్టారు. కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన జంతువుల్నీ తెప్పించారు. 1863లో జూ మున్సిపాలిటీ చేతికి, పీపుల్స్ పార్కుకు వెళ్లింది. 1985లో వండలూరు చేరింది.

తీరని లోటూ ఒకటుంది. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన అమరావతి శిల్పాలు మద్రాసులో సరైన నీడ లేక ఆరుబయటే ఎండకు ఎండాయి, వానకు తడిశాయి. చివరికి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. ఎగ్మూరులో మనం చూసేవి చాలావరకు తర్వాతి తవ్వకాల్లో దొరికినవే.

బాల్ఫోర్ 1889లో లండన్‌లో కన్నుమూశారు. జనాన్ని ఆయన రప్పించగలిగారు. శిల్పాలకు వేళకు ఓ కప్పు వేయాల్సింది మాత్రం సర్కారే!