బీనాదేవి : ఒక కలంపేరు, ఇద్దరు రచయితలు

తెలుగు సాహిత్యంలో ఇద్దరు కలిసి ఒకే పేరుతో రచన చేయడం క్రొత్త సంగతి కాదు. తిరుపతి వేంకట కవుల పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో మరణించిన పిమ్మట కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తమ రచనలను ఆ జంటపేరుతోనే ప్రకటించినారు. 1950లో తాము కన్నుమూసేవరకు ఆ మాట నిలుపుకొన్నారు. వేంకట పార్వతీశ కవులు మరొక జంట. అయితే మన సాహిత్య చరిత్రలో పేరెన్నికగన్న ఈ జంటలు పురుషుల జంటలు. వివాహబంధంలో ఉన్న స్త్రీపురుషులు కలిసి ఒకే పేరును ధరించి, ఆ పేరుతో కథకులుగా, నవలాకారులుగా ప్రసిద్ధి పొందడం అరుదైన విషయం. అట్టి అరుదైన పేరు బీనాదేవి. ఆ పేరు వెనుక ఉన్నవారు భాగవతుల నరసింగరావుగారు, వారి సతీమణి బాలా త్రిపురసుందరమ్మగారు. నరసింగరావుగారు 1990లో దివంగతులైనారు.

ఈ సంచికలో ఉర్దూ విభాగం చదివే మిత్రులకు తఖల్లుస్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గజల్ చివరి షేర్‌లో కవి తన కలంపేరును తానే పలికి, ఇది నాది అని ముద్ర వేస్తాడు. తెలుగులో కలంపేరు అన్నివేళలా ఆ పని చేయదు. ఒక్కొక్కప్పుడు అది ముద్రగా కాక తెరగా ఉపయోగపడుతుంది. బీనాదేవి అన్న నాలుగక్షరాలలో బి. నరసింగరావు అన్న పేరులోని ‘బి’, ‘న’ చెవిపెట్టి వింటే వినిపిస్తాయి. కాని పత్రికలో ఆ పేరు చూచిన పాఠకుడు రచయిత్రి ఎవరో ఒక స్త్రీ అనుకోవడమే సహజం.

అట్లు అనుకోవడానికి ఆ కాలం కూడా దోహదం చేసింది. 1960 దశకం నుండి తెలుగు వారపత్రికలలో రచయిత్రుల యుగం నడిచింది. ముప్పాళ్ళ రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన మొదలైనవారి నవలల కోసం పాఠకులు వారం వారం ఎదురుచూచేవారు. స్త్రీల పేర్లకున్న గిరాకీని చూచి పురుషులు కొందరు స్త్రీల పేర్లతో వ్రాయడం కూడా సాగింది. బీనాదేవిని ఈ కోవలో చేర్చడం నా అభిప్రాయంలో న్యాయం కాదు. అక్కడ పురుషుడొకడు స్త్రీ పేరును అరువు తెచ్చుకొన్నాడు. ఇక్కడ పేరులోని స్త్రీ నిజంగానే ఉన్నది, వ్రాసింది కూడా.

నరసింగరావుగారి వృత్తి న్యాయం. విశాఖ ప్రాంతపు వాతావరణంలో ఆయన సాహిత్య జీవితం రూపుదిద్దుకొన్నది. న్యాయాధికారిగా పనిచేసి జిల్లా జడ్జి పదవికి ఎదిగినారు. ఆ నగరంలోనే న్యాయవాద వృత్తిలో ఉండిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు (1922–1993) కోర్టుల చుట్టూ తిరిగే నిరుపేదలను, సారా కేసులలో చిక్కిన అభాగ్యులను, వారిని పీల్చి బ్రతికే దళారులను తెలుగు కథలోనికి తీసుకొని వచ్చినారు. బీనాదేవి దంపతులు రావిశాస్త్రి మార్గమే తమ మార్గమని దాపరికం లేకుండా ఒప్పుకొన్నవారు. ఆ వ్యంగ్యం, ఆ కోపం, బక్కవాని పట్ల ఆ పక్షపాతం వీరి రచనలలోనూ కనిపిస్తాయి. ఒక భేదం మాత్రం గమనింపదగినది. రావిశాస్త్రిగారు కోర్టును న్యాయవాది నిలుచునే చోటినుండి చూచినారు. నరసింగరావుగారు దానిని పై పీఠం మీదనుండి కూడా చూచినవారు.

పీఠం మీద కూర్చున్నవాని ఇబ్బంది మనం ఆలోచించవలెను. న్యాయవాది తాను నమ్మిన మాట బయట చెప్పవచ్చును, వాదించవచ్చును. న్యాయాధికారికి ఆ స్వేచ్ఛ లేదు. సాక్ష్యంలో ఉన్నది తప్ప మరొకటి అతడు చూడరాదు. ఎదుట నిలుచున్న ముద్దాయి పచ్చి అబద్ధపు కేసులో ఇరుక్కున్నాడని మనసు చెప్పినా, కాగితాల మీద ఆ సంగతి లేకపోతే తీర్పులో దానికి చోటు లేదు. కచేరీ ముగించి ఇంటికి వచ్చిన తరువాత ఆ చోటు లేని సంగతులన్నీ ఎక్కడికి పోవలెను? నరసింగరావుగారి ఇంటిలో అవి కథలైనవి.

మన యాడికి వంటి ఊళ్ళలో పెరిగినవారికి ఈ కథలు అర్థం కావడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. కరువు సీమలో సేద్యగానికి తెలిసిన కచేరీ మాటలలో మొదటిది వాయిదా. గట్టు తగాదాకో, బాకీ పత్రానికో తాడిపత్రి కోర్టుకు పొద్దున్నే బయలుదేరి, సాయంత్రం దాకా వరండాలో కూర్చొని, ఇంకొక వాయిదా పడినదని తెలుసుకొని తిరిగి వచ్చే మనిషిని చూడని ఇల్లు మన ప్రాంతంలో తక్కువ. వానలు తప్పిన ఏడు ఆ బస్సు ఛార్జీయే ఒక అప్పు. వకీలు ఫీజు, గుమాస్తా మామూలు, సాక్షుల భోజనఖర్చు అన్నీ కలిపితే తగాదా పడిన భూమి విలువను మించిపోవడం కద్దు. ఈ లెక్క చట్టపుస్తకాలలో దొరకదు. కథలో మాత్రమే దొరికే లెక్క అది.

‘ఫస్ట్ కేస్’, ‘రాధమ్మ పెళ్ళి ఆగిపోయింది’, ‘డబ్బు డబ్బు డబ్బు’, ‘హరిశ్చంద్రమతి’ అన్నవి బీనాదేవి కథలలోనూ కథాసంపుటాలలోనూ పేరు పొందినవి. ఆ పేర్లు చదివితేనే వారి దృష్టి ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. ‘పుణ్యభూమీ కళ్ళు తెరు’ అన్న నవల పేరు దేశాన్నే నిలదీసి పిలిచే పిలుపు. వీటన్నింటికంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ‘హేంగ్ మీ క్విక్’ అన్న నవల పేరు. తెలుగు నవలకు ఇంగ్లీషు పేరేమిటని పండితులు ముఖం చిట్లించవచ్చును. కాని మన న్యాయస్థానాలలో ముద్దాయి తెలుగులో ఏడుస్తాడు, అతని బ్రతుకును తేల్చే తీర్పు చాలవరకు ఇంగ్లీషులో వస్తుంది. తనను త్వరగా ఉరితీయమని వేడుకొనే మాట ఆ భాషలో ఉండడమే సముచితమని నాకు తోస్తుంది.

ఈ పేరులోని బరువు మరొకటి ఉన్నది. జిల్లా జడ్జి సెషన్స్ జడ్జి కూడా. హత్యానేరాలు విచారించి ఉరిశిక్ష విధించే అధికారం ఆ పదవికి ఉన్నది. ఆ శిక్షను హైకోర్టు ఖాయపరచిన తరువాతనే అమలు జరుగుతుంది. ఉరిశిక్ష వ్రాసిన కలం పాళీని విరిచివేసే ఆచారం మన న్యాయాధిపతులలో ఉన్నదని అందరూ వినియే ఉంటారు. నరసింగరావుగారు ఆ పదవిని చేరిన మనిషి. శిక్ష విధించే హక్కు గల కలం ఒకటి, శిక్ష పడినవాని తరఫున పలికే కలం ఒకటి, రెండూ ఒకే ఇంటిలో ఉండినవి. రెండవ కలాన్ని పట్టుకొన్నది ఆయన ఒక్కరే కాదు.

బీనాదేవిని డిటెక్టివ్ రచయితలలో చేర్చరు. చేర్చకపోవడం సబబే. ఆ రోజులలో తెలుగువారికి నేరకథ అంటే కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్, అతని సహాయకుడు రాజు. ఉర్దూ పాఠకులకు ఇబ్నె సఫీ 1952లో అలహాబాదు నుండి ప్రారంభించిన జాసూసీ దునియా. ఆ కథలలో హత్య జరుగుతుంది, అనుమానాలు పెరుగుతాయి, చివరి పుటలలో నేరస్థుడు పట్టుబడతాడు. పుస్తకం మూసి మనం నిద్రపోతాం. నేరస్థునికి బేడీలు పడిన చోట డిటెక్టివ్ నవల ముగిసిపోతుంది. బీనాదేవికి అసలు కథ అక్కడనే మొదలవుతుంది. పట్టుబడినవాడు నిజంగా ఎవడు, వానిని పట్టించినవాడు ఎంత గుణవంతుడు, ఈ నేరంవలన ఎవరి సంచీ నిండినది అన్నవి వారి ప్రశ్నలు.

విచిత్రమేమంటే, ఇంచుమించు అదే కాలంలో భూగోళానికి మరొక కొసన ఇద్దరు దంపతులు నేరకథను ఈ ప్రశ్నలవైపే త్రిప్పినారు. స్వీడన్ దేశస్థులైన మాయ్ షోవాల్, పేర్ వాలో అన్నవారు 1965 నుండి 1975 వరకు పది నవలలు వ్రాసినారు. మార్టిన్ బెక్ అన్న స్టాక్‌హోమ్ పోలీసు అధికారి వాటిలో ప్రధాన పాత్ర. ఒక్కొక్క నవలకు ముప్పై అధ్యాయాలు, పదింటికీ కలిపి ఒక నేరం కథ అని ఒకటే ఉపశీర్షిక. పిల్లలు నిద్రపోయిన తరువాత రాత్రివేళ కూర్చొని, వంతులవారీగా అధ్యాయాలు వ్రాసేవారట. సుఖసంపన్నమని లోకం మెచ్చుకొనే తమ దేశంలో పేదవానికి, ఒంటరివానికి ఏమి జరుగుతున్నదో చూపడమే వారి లక్ష్యం. శాస్త్రోక్తంగా వారికి వివాహం జరుగలేదు గాని సంసారం దంపతులదే. 1975లో వాలో మరణించినాడు. షోవాల్ 2020 వరకు జీవించింది. అయినా మార్టిన్ బెక్ కథ పదవ నవలతోనే ఆగిపోయింది.

వారు పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ వేసుకొన్నారు. ఆ దేశంలోనే 2009లో మరొక భార్యాభర్తల జంట లార్స్ కెప్లర్ అన్న కల్పిత పురుషనామంతో తొలి నేరనవల ప్రకటించింది. అది విపరీతంగా అమ్ముడు పోయేసరికి ఈ కెప్లర్ ఎవరని పత్రికలవారు వెంటబడి, ఆ వేసవిలోనే అలెగ్జాండర్, అలెగ్జాండ్రా ఆండోరిల్ అన్న దంపతులను బయటపెట్టినారు. ఒక సంగతి గమనించండి. అక్కడ దంపతులు మగపేరు ఎన్నుకొన్నారు. ఇక్కడ నరసింగరావుగారు, సమాజంలో జడ్జిగారని అందరూ లేచి నిలుచునే మనిషి, స్త్రీ పేరు వెనుక నిలుచున్నారు. మన సమాజంలో మగవానికి ఇది చిన్న త్యాగం కాదు.

అయినప్పటికీ లోకం తీరు వేరు. బీనాదేవి అంటే ఒక దంపతుల జంట అని తెలిసిన వెంటనే చాలామందికి కలిగే మొదటి ప్రశ్న, నిజానికి వ్రాసినది ఎవరు అని. ఆ ప్రశ్నలోనే జవాబు కూడా దాగి ఉంటుంది. కోర్టు సంగతులు తెలిసినవారు ఆయన, కాబట్టి వ్రాసినది ఆయన, ఆమె పేరుకు మాత్రమే అని. ఇల్లు గడిపే స్త్రీకి లోకజ్ఞానం ఉండదన్న భ్రమ దీనికి మూలం. వారి కథలలో కోర్టు వరండా ఎంత ఉన్నదో ఇంటి వంటగది, పెండ్లి బేరాలు, ఆడపిల్ల తండ్రి అప్పులు అంత ఉన్నవి. ఏ వాక్యం ఎవరిదో విడదీయడానికి నేను ప్రయత్నించి చూచినాను, అతుకు దొరకలేదు. దొరకకుండా వ్రాయడమే వారి పనితనం కావచ్చును. మా తరగతులలో కథలు వ్రాసి, అవి అన్నయ్యో నాన్నగారో వ్రాసియిచ్చినవని అనిపించుకొనే విద్యార్థినులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తించగలరు.

1990లో నరసింగరావుగారు పోయినప్పుడు ఈ ప్రశ్నకు పరీక్ష వచ్చింది. త్రిపురసుందరమ్మగారు వ్రాత మానివేసి ఉంటే అనుమానించినవారి మాటే చెల్లేది. స్వంత పేరుతో వ్రాసియుంటే బీనాదేవి నరసింగరావుగారితోనే ముగిసినదని అనుకొనేవారు. ఆమె ఆ రెండు పనులూ చేయలేదు. రచనను కొనసాగించినారు. ఒక అక్షరం చేర్చక, ఒక అక్షరం తీయక, అదే పేరు పెట్టినారు. చెళ్ళపిళ్ళవారు తమ జంటపేరుకు చేసిన గౌరవమే ఆమె తన జంటపేరుకు చేసినారు. ఈనాడు ఒక బీనాదేవి కథ చేతికి వస్తే, అది ఇద్దరు కూర్చొని వ్రాసినదో ఒక్కరే కూర్చొని వ్రాసినదో పేరును బట్టి చెప్పలేము. అచ్చైన సంవత్సరం చూడవలసినదే.