జాబ్ రాలేదు, లెక్కలు ఆగలేదు

బొబ్బిలిలో రైలెక్కి ఏయూకి వెళ్తుంటారా? అయితే ఈ మాస్టారి గురించి మీకు తెలియాలి. ఎస్. మీనాక్షిసుందరం 1913లో త్రిచూర్‌లో పుట్టారు. మద్రాసులో రీసెర్చ్ చేశాక కూడా సరైన ఉద్యోగం దొరకలేదు. స్టూడెంట్లకి పరీక్షల కోచింగ్ చెప్పి నెట్టుకొచ్చారు. రీసెర్చ్ మాత్రం వదల్లేదు. లయోలా కాలేజీ ఫాదర్ రసీన్ ప్రోత్సాహంతో అవకలన సమీకరణాల్లోకి దిగారు. ఆ తర్వాతే ఆంధ్రా యూనివర్సిటీలో లెక్చరర్ పోస్టు వచ్చింది. 1946లో ప్రిన్స్‌టన్ వెళ్ళారు.

డప్పు ఆకారం మారితే మోత మారుతుంది కదా! వేడి కాలంతోపాటు ఎలా పాకుతుందో లెక్కగట్టి, ఆకారానికీ కంపనాలకీ ఉన్న లింకు చూపారు. స్వీడన్‌కు చెందిన ప్లేయెల్‌తో కలిసి 1949లో వేసిన ఆ పేపర్ నేటికీ పునాదే. వాల్తేరులోనే ప్రొఫెసర్ అయ్యారు. 1968లో 54 ఏళ్ళకే కన్నుమూశారు.

మీకూ ఆఫర్ లెటర్ లేటవుతోందా? ట్యూషన్లు చెప్పుకోండి, పర్లేదు. రోజూ ఓ గంట మాత్రం మీ సబ్జెక్టుకి ఉంచుకోండి.