మంచుబాటలో మెరుపు – యాప్ ఏడెన్

ఉద్దేశం: ప్రతిభ, పరిశ్రమ మనిషిని కీర్తిశిఖరానికి చేర్చగలవు. ఆ కీర్తిని నిలుపుకోవడానికి మాత్రం వివేకం కావాలి. పందొమ్మిదో శతాబ్ది చివర ప్రపంచ క్రీడారంగంలో వెలుగొందిన ఒక డచ్చి యువకుని జీవితం ద్వారా ఈ సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఐరోపా ఖండానికి వాయవ్య దిశలో సముద్రాన్ని ఆనుకొని నెదర్లాండ్స్ అనే చిన్న దేశం ఉంది. ఆ దేశంలో కొంత భాగం సముద్రమట్టం కంటే దిగువన ఉంటుంది. అక్కడి ప్రజలు కట్టలు కట్టి, కాలువలు తవ్వి, నీటిని తోడి నేలను కాపాడుకున్నారు. అందువల్ల ఊరూరా కాలువలే. శీతకాలంలో చలి ముదిరినప్పుడు ఆ కాలువలు గడ్డకట్టి అద్దంలా మారుతాయి. పడవలు నడిచిన దారిలోనే మనుషులు నడవగలుగుతారు. నీరు గడ్డకట్టడం ఎరుగని మన ప్రాంతం వారికి ఇది వింతగా తోచవచ్చు. డచ్చివారికి మాత్రం పాదరక్షల అడుగున ఉక్కుపట్టీలు బిగించుకొని మంచుపై జారుతూ సాగడం అనాదిగా వస్తున్న అలవాటు. ఆ ఉక్కుపట్టీల సాధనాలనే స్కేట్లు అంటారు. పొరుగూరికి పోవడానికి ఉపయోగపడిన ఆ విద్యే కాలక్రమాన క్రీడగా రూపొందింది. ఆ క్రీడకు తొలి ప్రపంచ విజేత యాప్ ఏడెన్.

ఏడెన్ 1873వ సంవత్సరం అక్టోబరు 19న ఆ దేశపు ఉత్తర భాగంలోని గ్రోనింగెన్ పట్టణంలో జన్మించాడు. అతని బాల్యం కన్నవారి ఇంట గడవలేదు. హార్లెమ్ నగరానికి సమీపంలోని సాంట్‌పోర్ట్ గ్రామంలో తాతగారింట పెరిగాడు. ఆ పరిసరాలలోని మంచుబాటలే అతని తొలి క్రీడారంగాలు.

ఆ కాలంలో నెదర్లాండ్స్‌లో జరిగే పందేల తీరు వేరు. సుమారు 160 మీటర్ల పొడవున సూటిగా ఉండే బాటపై ఇద్దరిద్దరు చొప్పున పోటీపడేవారు. ఓడినవాడు తప్పుకొనేవాడు. గెలిచినవాడు మరొక విజేతతో తలపడేవాడు. చివరకు మిగిలినవానికి ధనం బహుమతిగా లభించేది. అది క్షణకాలపు వేగానికి పరీక్షే గాని దీర్ఘశ్వాసకు పరీక్ష కాదు. నార్వే దేశీయులు దూరపు పందేలలో ఆరితేరినవారు. నడుము వంచి, శరీరాన్ని మంచుకు చేరువగా ఉంచి, ఒక్కొక్క అడుగుకు వీలైనంత దూరం జారుతూ శక్తిని పొదుపు చేసుకోవడం దూరపు పందేలకు అవసరమైన మెలకువ. 1891లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన పోటీలలో అమెరికా దేశీయుడైన జో డనహ్యూ అన్ని పందేలనూ గెలుచుకొనిపోయాడు. మంచుబాట తమ సొత్తని భావించే డచ్చివారి గడ్డపైనే పరదేశి ఒకడు విజయపతాక ఎగురవేశాడు. అప్పటికి ఏడెన్ వయసు పదిహేడేళ్లు.

1892లో డచ్చి తీరపట్టణమైన స్కెవెనింగెన్‌లో వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమై అంతర్జాతీయ స్కేటింగ్ సంఘాన్ని స్థాపించారు. పందేల దూరాలు 500, 1,500, 5,000, 10,000 మీటర్లుగా స్థిరపడ్డాయి. ఈ నాలుగింటిలో కనీసం మూడింటిని గెలిచినవానికే ప్రపంచ విజేత బిరుదు. ఎవరూ మూడు గెలవకపోతే ఆ ఏడు బిరుదు ఎవరికీ దక్కదు. అర నిమిషంలో ముగిసిపోయే పందెం కాదది. మెరుపువేగం ఒక్కటే ఉన్నవాడు చిన్న పందెంలో గెలిచి పెద్ద పందెంలో డస్సిపోతాడు. సహనం ఒక్కటే ఉన్నవాడు పెద్ద పందెంలో గెలిచి చిన్న పందెంలో వెనుకబడతాడు. రెండూ సమపాళ్లలో ఉన్నవానినే ఆ నియమం కోరింది.

1893 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని మ్యూజియం మైదానంలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. పందొమ్మిదేళ్ల ఏడెన్ 500, 1,500, 5,000 మీటర్ల పందేలలో ప్రథముడిగా నిలిచాడు. 10,000 మీటర్ల పందెం నార్వే యువకుడు ఆస్కార్ ఫ్రెడ్రిక్సెన్‌కు దక్కింది. అయినా మూడు విజయాలు చాలు. రెండేళ్ల కిందట పరదేశి విజయాన్ని చూసిన నగరమే ఇప్పుడు తన దేశపు బిడ్డను విజేతగా చూసింది.

మరుసటి ఏడు విధి అనుకూలించలేదు. 1894లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన పోటీలలో ఏ ఒక్కరూ మూడు పందేలు గెలవలేదు. బిరుదు ఖాళీగా మిగిలిపోయింది. ఏడెన్ కీర్తి ఒక్క ఏటి ముచ్చటేనని తలచడానికి ఎవరికైనా అవకాశం దొరికిన సందర్భమది. అయితే అదే శీతకాలంలో, ఫిబ్రవరి 25న, నార్వేలోని హామర్ పట్టణంలో అతడు 5,000 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల 37.6 సెకన్లలో దాటాడు. అంటే గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగం. మానవుని కాలిబలం తప్ప మరే ఆధారమూ లేని వేగమది. ఈ ప్రపంచ రికార్డు పదిహేడేళ్లపాటు చెక్కుచెదరలేదు. 1911లో రష్యా వీరుడు నికొలాయ్ స్ట్రున్నికోవ్ దానిని అధిగమించాడు. ఆ తేడా అర సెకను కంటే తక్కువే.

శీతకాలం ముగిసి మంచు కరిగితే స్కేటింగ్ వీరునికి పని ఉండదు. ఏడెన్ ఆ విరామాన్ని వృథా చేయలేదు. వేసవిలో సైకిల్ ఎక్కాడు. రెండు క్రీడలకూ తొడల బలం, వంగిన నడుము, సడలని ఊపిరి ముఖ్యం. ఒక క్రీడకు చేసిన సాధన మరొకదానికి పెట్టుబడి అయింది. 1894లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో 10 కిలోమీటర్ల సైకిల్ పందెంలోనూ, 1895లో జర్మనీలోని కొలోన్‌లో స్ప్రింట్ పందెంలోనూ అతడు ప్రపంచ విజేత అయ్యాడు. పురుషులలో స్కేటింగ్, సైక్లింగ్ రెండింటిలోనూ ప్రపంచ బిరుదులు పొందినవాడు ఏడెన్ ఒక్కడే.

1895 శీతకాలం అతని జీవితంలో మహోన్నత ఘట్టం. హామర్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో నాలుగు పందేలనూ తానే గెలిచాడు. రెండేళ్ల కిందట చేజారిన 10,000 మీటర్ల పందెం కూడా ఈసారి అతనికే దక్కింది. దానిని 17 నిమిషాల 56 సెకన్లలో ముగించి కొత్త రికార్డు నెలకొల్పాడు. దూరపు పందేలలో పేరుపొందిన నార్వే గడ్డపైనే ఈ విజయం సాధించడం విశేషం. 1896లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మూడోసారి ప్రపంచ విజేత అయ్యాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు.

ఇక్కడే అతని జీవితం మలుపు తిరిగింది. ఆనాటి క్రీడానియమాల ప్రకారం ప్రపంచ స్కేటింగ్ పోటీలలో పాల్గొనేవారు క్రీడను జీవనోపాధిగా చేసుకోరాదు. కీర్తి ఎంత వచ్చినా దానితో కడుపు నిండదు. సైకిల్ పందేలలో మాత్రం వృత్తి క్రీడాకారులకు ధనం విరివిగా లభించేది. 1896లోనే ఏడెన్ వృత్తి సైకిల్ వీరుడయ్యాడు. దానితో ప్రపంచ స్కేటింగ్ పోటీల ద్వారం అతనికి మూసుకుపోయింది. మంచుబాటలో ఎదురులేనివాడు పిన్న వయసులోనే ఆ బాటను విడిచిపెట్టవలసివచ్చింది. అతడు ఓడిపోయి తప్పుకోలేదు. గెలుస్తూ ఉండగానే తప్పుకున్నాడు.

కొత్త జీవితం ధనాన్ని ఇచ్చింది గాని నిలకడను ఇవ్వలేదు. మద్యపానం అతని దేహబలాన్ని క్రమంగా హరించింది. ఆర్జించిన సొమ్ము కరిగిపోయింది. వేలాది జనం హర్షధ్వానాల నడుమ యౌవనం గడిపినవాడు చివరి రోజులను పేదరికంలో వెళ్లదీశాడు. 1925 ఫిబ్రవరి 2న హార్లెమ్‌లో కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు యాభై ఒక్క ఏళ్లు.

అతని జాతి అతనిని మరువలేదు. 1961లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 400 మీటర్ల కృత్రిమ మంచుబాటను నిర్మించి దానికి యాప్ ఏడెన్ పేరు పెట్టారు. దేశంలో ఏటా ఉత్తమ క్రీడాకారులకిచ్చే పురస్కారం కూడా దీర్ఘకాలంపాటు అతని పేరుతోనే వెలసింది.

ఏడెన్ జీవితం రెండు పాఠాలు నేర్పుతుంది. ఒక విద్యలోని సాధన మరొక విద్యకు ఎలా ఊతమవుతుందో అతని యౌవనం చెబుతుంది. దేహాన్ని జయించినంత మాత్రాన మనసును జయించినట్లు కాదని అతని చరమదశ చెబుతుంది. మొదటి పాఠాన్ని మెచ్చుకోవడం సులభం. రెండవదాన్ని నిందతో కాక, సానుభూతితో గ్రహించడం వివేకవంతుల లక్షణం.

ప్రశ్నలు
1. డచ్చివారి సంప్రదాయ పందేలకు, ప్రపంచ పోటీలకు గల భేదాన్ని వివరించండి.
2. 1894లో బిరుదు ఎవరికీ దక్కకపోవడానికి కారణమేమి?
3. ఏడెన్ మంచుబాటను విడిచిపెట్టవలసివచ్చిన పరిస్థితులను చర్చించండి.